రాహేలమ్మగారు చదివించిన విన్నపం

తడి పలక వాసన తగిలితే చాలు, నేను మళ్లీ రాచర్ల దగ్గరి ఆ పాలెం బడిలో ఉంటాను. ఎండకు దూరపు పొలాలు నీళ్లలా కదులుతుంటాయి. పిల్లల ఎక్కాలు కలలో వినిపిస్తున్నట్టు ఉంటాయి, వాటి మధ్య తెల్లచీరలో రాహేలమ్మగారు నడుస్తుంటారు. మదరాసు రాజధాని రోజుల్లో ఆమె అక్కడ పెద్ద పంతులమ్మ. నేను కొత్తగా చేరిన చిన్న పంతులమ్మను. ఆ వేసవి గాలివానకు బడి కప్పు ఎగిరిపోయింది. వానాకాలం లోపల కప్పు వేయకపోతే బడి మూసేస్తామని మిషను పెద్దలు కబురు పెట్టారు.

మార్కాపురం వర్తకులకు చందా విన్నపం రాసే పని నా మీద పడింది. నా భాష మీద నాకున్న మురిపెం అంతా ఇంతా కాదు. 'దిక్కులేని దీనులము, మీ దయయే శరణ్యము' అంటూ రాళ్లు కరిగేలా రాశాను. అయితే రాహేలమ్మగారికి ఒక పట్టింపు ఉండేది. ఎవరి పేరిట అడుగుతున్నామో వాళ్లకు చదివి వినిపించనిదే ఏ కాగితమూ ఊరు దాటకూడదు. ఆదివారం ప్రార్థన అయ్యాక కూలికి పోయే ఆడవాళ్లందరి ముందూ నన్ను నిలబెట్టి చదివించారు.

చదవడం అయ్యేసరికి అందరూ తలలు దించుకుని ఉన్నారు. సువార్తమ్మ అనే ముసలామె మెల్లగా లేచింది.

"ఏంది పంతులమ్మా, మేం దిక్కులేనోళ్లమా? పొయ్యి ముట్టించినప్పుడల్లా పిడికెడు కొర్రలు బడికని తీసి పెడతాన్నాం గదా. అది రాయలేదేంది?"

"అది రాస్తే, 'మీకే ఉంది గదా, మేమెందుకియ్యాల' అంటారు వర్తకులు, పెద్దమ్మా," అన్నాను.

"అననీలేమ్మా," అన్నారు రాహేలమ్మగారు. "అడుక్కొని తెచ్చిన కప్పు కింద పిల్లోళ్లు తల ఎట్ల ఎత్తుతారు?"

పిడికెడు కొర్రలతో మొదలుపెట్టి మళ్లీ రాశాను. అది పట్టుకుని రాహేలమ్మగారూ నేనూ మార్కాపురం వెళ్లాం. అక్కడ ఒక పెద్ద వర్తకుడు దుకాణంలో కూర్చుని అది చదివి, "కప్పంతా నేనే వేయిస్తాను. ఈ కొర్రల సంగతి కొట్టేసి నా పేరొక్కటే పెట్టండి," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. రాహేలమ్మగారు మాత్రం కాగితం మడిచారు.

"ముందు పెట్టినోళ్లను ఎట్ల కొట్టేసేది నాయనా? వాళ్ల పక్కన మీ పేరూ పెడతాం."

ఆయన ఒప్పుకోలేదు. దారిపొడవునా నాకు ఏడుపే. చిన్న దుకాణాలవాళ్లు ఇచ్చినదానికి మా వాళ్ల కొర్రలు అమ్మిన డబ్బు తోడై, వానలు పడేనాటికి సగం బడికే కప్పు పడింది. పిల్లలంతా ఆ సగంలో ఒదిగి కూర్చుని ఎక్కాలు చెబుతుంటే, మిషను తరఫున తనిఖీకి వచ్చినాయన కాసేపు విని, బడి నడవనీయండని రాసి వెళ్లాడు.

ఇప్పుడు ఏ చిన్న సంఘానికి విన్నపం రాసిపెట్టినా ముందు ఆ సంఘంవాళ్లకే చదివి వినిపిస్తాను. ఏ మాట దగ్గర వాళ్ల తల వాలుతుందో, ఆ మాట కొట్టేస్తాను.