మిత్రరాజ్యం నుంచి ఒక ఒరేయ్

నలభై దాటాక మనిషిని ‘ఒరేయ్’ అని పిలిచేవాళ్లు తగ్గిపోతారు. ఈ సంగతి నాకెవరూ ముందుగా చెప్పలేదు. అమ్మా నాన్నా పోయారు. పెళ్లి పెటాకులై చాలా కాలమైంది. కంకిపాడులో నాతోపాటు గోళీలాడినవాడు ఒకడున్నాడు, వాడైనా పిలుస్తాడనుకుంటే, వాళ్లబ్బాయిని మా కాలేజీలో చేర్పించిన రోజు నుంచి వాడికి కూడా నేను ‘సార్’ అయిపోయాను. నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒళ్లు మండింది.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. పొద్దున లేచింది మొదలు సార్, గారు, అండీ తప్ప ఇంకో మాట చెవిన పడదు. భవానీపురంలో నేనుండే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర్నుంచి మా ప్రిన్సిపాల్ దాకా అందరూ మర్యాదస్తులే. ఇంత మర్యాద మధ్య ఊపిరాడదు.

ఆ రోజుల్లోనే కంప్యూటర్లో ఒక ఆట మొదలుపెట్టాను. ఎప్పటిదో ఒక పెద్ద చైనా నవలని పట్టుకుని అల్లిన ఆట అది. రాజ్యం ముక్కలై, ముక్కకో ప్రభువు బయల్దేరి, వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తుంటారు. అందులో ఒక ప్రభువుగా మనం ఊళ్లు ఏలాలి. కాలవలు తవ్వించాలి, వరి పండించాలి, గాదెలు నింపాలి, సేనాపతుల్ని మచ్చిక చేసుకోవాలి. డెల్టాలో పుట్టినవాడికి వరీ కాలవలూ ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు యుద్ధమే చేతకాదు. ఆ చైనా పేర్లకి నోరు తిరగక అందరికీ నేనే పేర్లు పెట్టుకున్నాను. కత్తి ముట్టకుండా సలహాలు మాత్రం ఇచ్చే మంత్రి ప్లీడరుగారు. అస్తమానం అలిగే సేనాపతి పెద్దల్లుడు. పెద్దల్లుడికి తరచూ ఏదో ఒక బహుమానం ముట్టకపోతే శత్రువుల్లో కలిసిపోతాడు.

ఆ ఆటని ఇంటర్నెట్లో పదిమంది కలిసి ఆడొచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్ల మిత్రరాజ్యం ఒకదాంట్లో చేరాను. చేరిన కొత్తలోనే, శత్రువులదనుకుని ఒక వంతెన తగలబెట్టాను. అప్పటిదాకా అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నచోట, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు తిట్టు వచ్చిపడింది.

“ఒరేయ్ వెధవా! అది మన వంతెన్రా! నా సైన్యం అవతలొడ్డునుంది!”

నేను తెలుగువాణ్ణని తెలిసి తిట్టలేదు. కోపమొస్తే తెలుగు వచ్చింది, అంతే. నాకు మాత్రం నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే, అవి నవ్వు వల్ల వచ్చిన నీళ్లే అని గట్టిగా చెప్పలేకపోయాను. “సారీ రా, కొత్తగా చేరాను” అని కొట్టాను.

“తెలుగోడివా! ముందే చెప్పొచ్చు కదరా సన్నాసీ” అని వచ్చింది.

అప్పట్నుంచి కాలేజీ అవగానే ఇంటికి పరిగెత్తేవాణ్ణి. వాడిది హనుమాన్ జంక్షన్. వాళ్లకి ట్రాక్టర్ విడిభాగాల షాపు ఉంది. “మా నాన్న బండి తాళాలియ్యట్లేదురా” అని వాడు ఏడ్చినప్పుడే కుర్రాడని అర్థమైంది. నా వయసెంతో వాడు అడగలేదు. ఏం చేస్తావురా అంటే ‘లెక్కలు’ అన్నాను. ఎక్కడో గుమాస్తాననుకుని, “మీ ఓనరు గానీ కంప్యూటర్లో ఇది చూశాడంటే అయిపోయావురా” అన్నాడు. నేను దిద్దలేదు.

నేను పెట్టిన పేర్లు వాడికీ అలవాటైపోయాయి. “నీ మొహంలా ఉంది. పెద్దల్లుణ్ణి సరిహద్దులో పెడితే ఆగుతాడా, బుర్రుందా నీకు?” అని రోజూ ఏదో ఒకదానికి వాయించేవాడు. ఒకసారి జ్వరమొచ్చి ఆటలోకి వెళ్లలేకపోయాను. కాలేజీ వాళ్లు ‘గెట్ వెల్ సూన్ సార్’ అని పూల బొమ్మలు పంపారు. వాడు మాత్రం “ఉన్నావా పోయావా? పోతే నీ గాదెలు నా పేర రాసి పోరా” అన్నాడు. ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో.

తర్వాత ఒకరోజు, “సరుకు కోసం బెజవాడ వస్తున్నా. కలుద్దాంరా, టీ తాగిస్తా” అన్నాడు. వద్దనడానికి మనసొప్పలేదు. రమ్మనడానికి భయమేసింది. చూస్తే ఆ ఒరేయ్ పోతుందేమోనని భయం. ఎప్పటిదో టీషర్టు వెతికి తొడుక్కున్నాను, పొట్ట దగ్గర పట్టేసింది. జుట్టుకి రంగేద్దామా అనుకుని, సిగ్గేసి మానుకున్నాను.

మా వీధి చివర టీ బడ్డీ దగ్గర, చెప్పినట్టే ఒక కుర్రాడు బండికి ఆనుకుని సిగరెట్టు కాలుస్తూ నా వెనకాల ఎవరికోసమో చూస్తున్నాడు. ఎదురుగా వెళ్లి, “ఒరేయ్, నేనే” అన్నాను.

పైనుంచి కిందదాకా చూశాడు.

“నువ్వా! ఇదేంట్రా, మా బాబాయిలా ఉన్నావు!” అని పగలబడి నవ్వాడు.

గట్టెక్కాననుకున్నాను. టీ చెప్పాడు, నా భుజమ్మీద చెయ్యి కూడా వేశాడు. సరిగ్గా అప్పుడే మా కాలేజీ పిల్లలిద్దరు బండి ఆపి, దిగి, “నమస్తే సార్. రేపు టెస్ట్ ఉంటుందా సార్?” అన్నారు. ఉంటుందని చెప్పి పంపించాను. ఇటు తిరిగేసరికి భుజమ్మీద చెయ్యి లేదు. సిగరెట్టు వాడి చెప్పు కింద ఉంది.

“మీరు లెక్చరరాండీ?”

“అయితే ఏంట్రా?”

“అయ్యో, సారీ అండీ. ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు వాగాను.”

“అలాగే వాగరా. నాకు అదే ఇష్టం.”

“అమ్మో, ఎలాగండీ! సార్లని అలా అంటే మా నాన్న ఊరుకోరండీ” అని టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందించాడు.

బతిమాలాను. కావాలనే “గాడిదా” అని తిట్టి చూశాను, “అలాగేనండీ” అన్నాడు. ఆటలోనూ అదే వరస. మంచి పంటభూములన్నీ నాకు వదిలేసి, “మీరు తీసుకోండి సార్” అనేవాడు. నేనేం చెప్పినా “మీ ఇష్టం సార్.” నేను అడ్డదిడ్డంగా ఎత్తులేసినా కిక్కురుమనేవాడు కాదు. ఎప్పటిలాగే రోజూ వచ్చేవాడు, కానీ నాకు కావలసినవాడు రావడం మానేశాడు.

చివరికి ఒక ఆదివారం తెగించాను. వాడి రాజధానికి వెళ్లే రేవుని కాపాడమని నాకప్పగించి వాడు వేరే యుద్ధంలో ఉన్నాడు. ఆ రాజధాని మొదట్నుంచీ వాడు ఒక్కో గోడా కట్టుకుంటూ వచ్చిన ఊరు. శత్రువు ఎదురుగా ఉండగా రేవులోంచి నా సైన్యం మొత్తాన్ని వెనక్కి పిలిచాను. ఊరు తగలబడింది. గాదెలు పోయాయి. ఇంతకు మించిన వెధవపని ఆ ఆటలో ఇంకొకటి లేదు. ఇప్పుడు తిట్టకుండా ఉండలేడు. తెర ముందు కూర్చుని, “తిట్టరా, ఒక్కసారి తిట్టరా” అని పైకే అన్నాను.

చాలాసేపటికి జవాబొచ్చింది.

“పర్లేదు సార్. మీరేదో ఆలోచించే చేసుంటారు.”

దాని కింద, దండం పెడుతున్న చేతుల బొమ్మ పెట్టాడు.