నెట్ బాగాలేదనుకున్నాం

ఒకరిని ఏదైనా అడగాలంటే మావారికి ప్రాణం మీదికి వచ్చేది. మంచినీళ్ళు కావాలన్నా లేచి వెళ్ళి తెచ్చుకునేవారు. నానక్‌రామ్‌గూడలో ఆఫీసు, మియాపూర్‌లో ఇల్లు. ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చిన రోజు కూడా తన కంచం తనే కడుక్కునేవారు. అలాంటి మనిషికి నరాల జబ్బు వచ్చి ముందుగా చేతులే పడిపోయాయి. అప్పుడు దేవుడి మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

చేతుల్లో ఇంకా కాస్త శక్తి ఉండగానే ఆయన ఇల్లంతా మార్పించేశారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, పక్కన కూర్చుని, స్విచ్చుల వెనక ఏవేవో పెట్టించారు. హాల్లో వాటన్నిటినీ నెట్‌తో కలిపే ఒక తెల్ల డబ్బా, మంచం పక్కన ఒక స్పీకర్. పడుకున్నచోటి నుంచి మాట అంటే చాలు, ఫ్యాన్ తిరిగేది, లైటు వెలిగేది, కర్టెన్ పక్కకి జరిగేది. "ఇంట్లో అన్నీ నా మాట వింటున్నాయి, నువ్వు తప్ప" అని నన్ను ఏడిపించేవారు.

నేను ఆ స్పీకర్‌తో మాట్లాడేదాన్ని కాదు. గోడతో మాట్లాడినట్టు ఉండేది నాకు. పగలు ఆయన్ని చూసుకోవడానికి ఒకావిడ వచ్చేది, నారాయణపేట వైపు మనిషి. ఆమెకీ దానితో పలకాలంటే సిగ్గే. మేమిద్దరం చేత్తోనే స్విచ్ వేసుకునేవాళ్ళం. ఇంట్లో దాన్ని పిలిచేది ఆయనొక్కరే.

దానికి నెట్ లేకపోతే చెవులు పనిచేయవు. ఆ మధ్య మదీనాగూడ దగ్గర రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారు. కొన్నాళ్ళకి నెట్ మళ్ళీ వచ్చింది గానీ, మా స్పీకర్ మాత్రం మునుపటిలా వినడం మానేసింది. ఆయన రెండుసార్లు, మూడుసార్లు పిలిస్తేగానీ పలికేది కాదు. నీలం దీపం ఒకసారి వెలిగి ఆరిపోయేది, అంతే.

"నెట్ బాగాలేదు" అన్నారు ఆయన. ఇన్నేళ్ళు కంప్యూటర్లతో బతికిన మనిషి చెబుతుంటే నాకేం తెలుసు? కేబుల్ వాళ్ళకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ళ మనిషి వచ్చి తన ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాడు.

"నెట్ మంచిగనే వస్తుంది మేడం, చూడుండ్రి."

"నువ్వు గడప దాటగానే పోతుంది" అన్నాను. పాపం, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆయన ఫ్యాన్ కోసం పిలిచి పిలిచి అలసిపోయారు. చెమటకి దిండు తడిసింది. "ఎందుకు సారూ గంత పరేషాన్, నేనున్న గదా, నేనేస్త" అంటూ ఆవిడ ప్రేమగానే వెళ్ళి స్విచ్ వేసింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. తినిపించడం, స్నానం, అన్నీ మా చేతుల్లోకి వచ్చేశాయి. ఆ ఫ్యాన్, ఆ లైటు మాత్రమే ఆయన చేతిలో మిగిలాయి. వాటిని పోనివ్వకూడదని నాకు పంతం పట్టింది.

మర్నాడే వెళ్ళి సిమ్ వేసుకునే రౌటర్ ఒకటి కొనుక్కొచ్చాను. ఏ తీగా అక్కర్లేదు, ఎవరు ఏ రోడ్డు తవ్వుకున్నా మనకి బాధ లేదని షాపులో చెప్పారు. చీకటి పడుతుండగా పాతదాన్ని ఆపేసి, దీన్ని కిటికీలో పెట్టి, ఫోన్ పట్టుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"నెట్‌కి పాత పేరే పెట్టు. పాస్‌వర్డ్ కూడా పాతదే. అప్పుడు అన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి" అన్నారు.

పాస్‌వర్డ్ ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే నేను కొట్టాను. ఒక్క అక్షరం కూడా రెండోసారి అడగలేదు. జబ్బు మాటలోకి కూడా దిగుతుందని డాక్టర్ ముందే హెచ్చరించారు. నేను రోజూ ఆయన పెదవుల వంక చూస్తూనే ఉన్నాను, నాకెక్కడా తేడా కనిపించలేదు. రోజంతా వినే మనిషికి మార్పు తెలియదని నాకు తెలియదు.

కాసేపటికి హాల్లో డబ్బా మీద ఎర్ర దీపం పచ్చగా మారింది. ఆ సంతోషంలో మొదటిసారి నేనే స్పీకర్‌ని పిలిచాను. "ఫ్యాన్ ఆన్" అన్నాను, కొంచెం సిగ్గుపడుతూ. ఒక్క మాటకే ఫ్యాన్ తిరిగింది.

"వచ్చేసిందండీ! ఇప్పుడు మీరనండి, లైటు వెయ్యమనండి."

ఆయన అన్నారు. నీలం దీపం వెలిగి ఆరిపోయింది. మళ్ళీ అన్నారు. ఈసారి బలమంతా కూడదీసుకుని, మెడ నరాలు ఉబ్బేలా. గదిలో చీకటి అలాగే ఉంది.

నెట్ ఎప్పుడూ బాగానే ఉంది. అది నాకు అప్పుడు అర్థమైంది.

"ఇంకా సరిగ్గా కలవలేదులెండి" అన్నాను.

పైన నా మాటకి తిరిగిన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆయన చాలాసేపు దాని వంకే చూశారు. తర్వాత నా మొహంలోకి చూశారు. నేను ఏడుపు బిగపట్టుకున్నానని కనిపెట్టేసి ఉంటారు.

"మన గదిలో సిగ్నల్ రాదులే" అన్నారు నెమ్మదిగా. "చుట్టూ అన్నీ పెద్ద బిల్డింగులు కదా."

"అవునండీ" అన్నాను.

"లైటు నువ్వే వేస్తావా?"

లేచి వెళ్ళి వేశాను. వేసి, ఆయనకి నా మొహం కనిపించకుండా స్విచ్ బోర్డు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.