సుభద్రమ్మ మింగేసిన ‘న’

సుభద్రమ్మ నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ పూలు కూడా వాడిపోతాయని ఆమె మొగుడు నారప బళ్ళారి కంటోన్మెంటు వెనక వీధిలో అందరికీ చెప్పి పెట్టాడు. అందులో అబద్ధం పెద్దగా లేదు. తులసి పెడితే నెల తిరక్కుండా పుల్ల మిగిలేది. కరివేపాకు సంగతి సరే, దాని జాతకమే అంత అనుకుందాం. ఎక్కడ పారేసినా బతికే కలబంద కూడా వచ్చి వచ్చి ఆమె ఇంట్లోనే ప్రాణం వదిలింది. నారపకు రెండు లారీలూ, వాళ్ళ నాయన ఇచ్చిపోయిన కాస్త చేనూ ఉన్నాయి. చేను కౌలుకిచ్చాడు. “నువ్వు మాత్రం ఆ గట్టెక్కద్దే తల్లీ, కౌలోడు బతకాల” అని పెళ్ళానికి దండం పెట్టేవాడు.

గోడకు అవతల సిద్దక్క ఉండేది. కన్నడావిడ. మొగుడు పోయాక కొడుకు గురునాథ్‌ను ఒంటిచేత్తో పెంచి, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దాకా తీసుకొచ్చిన మనిషి. ఆమె పెడితే అగరుబత్తి పుల్ల కూడా చిగురిస్తుంది. గోడ మీద పాత ఇనప బకెట్లో ఆమె పెంచిన ముళ్ళచెట్టు ఒకటుండేది. మన పొలంగట్ల మీది బ్రహ్మజెముడు లాంటి మొరటు సరుకు కాదు. కొబ్బరికాయంత గుండ్రంగా, ఒంటినిండా బంగారు రంగు ముళ్ళు, నెత్తిన పసుపు పూలు పెట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చునేది. కన్నడంలో ముళ్ళచెట్టును కళ్ళి అంటారు. కాబట్టి వీధి మొత్తానికీ అది సిద్దక్క కళ్ళి.

ఇరవై ఏళ్ళుగా ఆ గోడ మీదుగా అటునుంచి ఓళిగలనే బొబ్బట్లూ, ఇటునుంచి బొరుగుల ఉగ్గానీ దాటుతూనే ఉన్నాయి. సిద్దక్క తెలుగు కన్నడంలా ఉండేది, సుభద్రమ్మ కన్నడం తెలుగులా ఉండేది, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి. అడిగితే సిద్దక్క ఏదైనా ఇచ్చేది, ఆ కళ్ళి పిలక ఒక్కటి తప్ప. “నీ చేతికా? బేడ బేడ, వద్దు తల్లీ, పాపం తగలతాది” అనేది.

సుభద్రమ్మకు రోషమొచ్చింది. ఆరేళ్ళ కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం, సిద్దక్క కునుకు తీస్తున్న వేళ, స్టూలెక్కి ఆ చెట్టు నెత్తిమీది ఎండుకాయ ఒకటి గిల్లేసింది. చెట్టు ఊరుకుంటుందా? చూపుడువేలులో ముల్లు దించింది. వేలు బూరెలా వాచినా దొంగకు తేలు కుట్టినట్టు నోరెత్తలేదు. సాక్షాత్తూ సిద్దక్కే వచ్చి ఆ వేలికి పసుపు పెట్టి పోయింది. కాయ విప్పితే లోపల నల్లటి విత్తనాలు, ఇసుకరేణువుల కంటే కాస్త పెద్దవి. నాటితే గోడమీంచి కనబడుతుంది, పారేస్తే పడిన కష్టం దండగ. పొట్లం కట్టి ఆవాల డబ్బా అడుగున దాచి, కొన్నాళ్ళకు ఆ సంగతే మర్చిపోయింది.

పోయిన ఏడు గురునాథ్‌కు పెళ్ళి సంబంధం వచ్చింది. పెళ్ళికూతురి తల్లి మహాదేవి, ఇంకో నలుగురు వచ్చి వసారాలో కూర్చున్నారు. మహాదేవి గోడమీది చెట్టును చూసి “ఎష్టు చెన్నాగిదె!” అని ముచ్చటపడింది. ఎంత బాగుందో అని. గోడకు ఇవతల చెవులు రిక్కించి నిలబడ్డ సుభద్రమ్మ ఆగగలదా? నేస్తురాలి గొప్ప నాలుగు మాటల్లో చెప్పేద్దామని తల పైకెత్తి, పెళ్ళివారికి అర్థమయ్యేలా కన్నడంలోనే చాటింది.

“సిద్దక్క కళ్ళి! ఇడీ బళ్ళారిగే గొత్తు!”

సిద్దక్క కళ్ళి అంటే బళ్ళారి మొత్తానికీ తెలుసు అని ఆమె ఉద్దేశం. తెలుగులో అయితే ఆ మాటకు వంకలేదు. కన్నడంలో మాత్రం నడుమ ఒక ‘న’ పడాలి. సిద్దక్కన కళ్ళి అనాలి. ఆ ‘న’ మింగేస్తే వస్తుంది చిక్కు, ఎందుకంటే కన్నడంలో కళ్ళి అంటే ముళ్ళచెట్టొక్కటే కాదు, దొంగది అని కూడా. సిద్దక్క దొంగది, ఊరంతటికీ తెలుసు అని సుభద్రమ్మ పెళ్ళివారి ముందు దండోరా వేసిందన్న మాట.

వసారా చప్పుడు లేకుండా పోయింది. మహాదేవి పక్కన పెట్టుకున్న చేతిసంచిని మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. వినబడలేదేమో అనుకున్న సుభద్రమ్మ ఇంకాస్త గొంతు పెంచి, “దొడ్డ కళ్ళి!” అని కూడా కలిపింది. పెద్ద దొంగది అని.

సంబంధం చెడలేదు. గురునాథ్ విడమరిచి చెప్తే పెళ్ళివాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వంది సిద్దక్క ఒక్కతే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం కదా. సుభద్రమ్మ ఎన్నిసార్లు గోడ దగ్గరికి పోయినా సిద్దక్క వీపే కనబడింది. పెళ్ళికి ఆ ఇంట్లో బూంది దూస్తుంటే వాసన గోడ దాటింది, పిలుపు దాటలేదు. ఇరవై ఏళ్ళ సావాసం! సుభద్రమ్మ ఆ రోజంతా తలుపు బిగించుకుని ఏడ్చింది. ఉల్లిపాయలు తరిగానని నారపకు చెప్పింది. ఆ పూట వంటలో ఉల్లిపాయే లేదని నారపకు తెలిసినా అడగలేదు.

పెళ్ళి గోలలో ఇంకో ఘోరం కూడా జరిగింది. వచ్చిన చుట్టాలంతా భోంచేసి, చేతులు కడుక్కునే నీళ్ళు ఆ ఇనప బకెట్లో పోశారు. చెట్టుకు నీళ్ళు పోస్తే పుణ్యమని వాళ్ళ లెక్క. ముళ్ళచెట్టుకు ఆ పుణ్యం పడదు. అడుగు నుంచి కుళ్ళి, ఒకనాడు పుచ్చకాయ గుజ్జులా కూలబడింది. గోడకు అవతల సిద్దక్క ఏడుస్తుంటే ఇవతల సుభద్రమ్మ వింటూ నిలబడింది. పోయి భుజమ్మీద చెయ్యి వేద్దామంటే మొహం చెల్లలేదు.

తర్వాత పాలమ్మే హొన్నమ్మ ఇంకో పిడుగు మోసుకొచ్చింది. సిద్దక్క ఇల్లు అద్దెకిచ్చేసి కొడుకూ కోడలి దగ్గరికి, తోరణగల్లు క్వార్టర్సుకు పోతోందట. దీపావళి కాగానే.

గోడకు అవతల ఉన్నంతకాలం ఎన్నేళ్ళు అలిగినా ఏదో ఒకనాడు కలుస్తారు. కోపం మూటగట్టుకుని ఊరే మారిపోతే ఇంకేముంది? సుభద్రమ్మకు అన్నం దిగలేదు. పప్పుకు తిరగమోత వేద్దామని ఆవాల డబ్బా తీసింది. తీసి, అక్కడే ఆగిపోయింది.

డబ్బాను పళ్ళెంలో బోర్లించింది. పొట్లం కాగితం ఎప్పుడో చిరిగింది. ఆవాలూ కళ్ళి విత్తనాలూ కలిసిపోయి అన్నీ నల్లగా, అన్నీ ఒక్కలాగే ఆమె వైపు చూశాయి.

ఇక దాచి లాభం లేక నారపకు అంతా చెప్పింది. నారప ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వడం మొదలుపెట్టి మంచమ్మీంచి జారాడు.

“ఆరేండ్లాయ! అంటే సిద్దక్కను దొంగదని బళ్ళారంతా చాటింది అసలు దొంగదా? అయినా, ఇన్ని దినాలు మనం చారులో తిన్నెదేందే? కళ్ళి తిరగమోతా?”

“నవ్వింది సాలు. ఏది ఆవాలో ఏది విత్తనమో నువ్వే చెప్పయ్యా. నా కంటికి ఆనడంల్యా.”

“దాందేముండాది, నూనె కాంచి ఏసేయ్. చిటపటమంటే ఆవాలు, గమ్మునుంటే కళ్ళి.”

“గమ్మునున్నెది మల్లా మొలస్తాదా నీ మొగం?”

ఆ సంగతి నారపకు తట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెం ముందు కూర్చున్నాడు. నున్నగా గుండ్రంగా ఉన్నవి ఆవాలు, చిన్నగా గరుగ్గా ఉన్నవి విత్తనాలు అని తేల్చాడు. తుమ్మొచ్చి ఒకసారి అంతా మళ్ళీ కలిసిపోయింది. సుభద్రమ్మ అన్న మాటలు ఇక్కడ రాయడం కుదరదు.

పాత విత్తనాలు మొలిపించడం ఎలాగో ఫోన్‌లో వీడియో దొరికింది. ఒక తెల్లాయన గడగడా ఇంగ్లీషులో చెప్తుంటే, లారీ పర్మిట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చిన ఇంగ్లీషుతో నారప తర్జుమా చేశాడు.

“ఇత్తనం ముసిల్ది అయ్యిండాది. తోలు గట్టిపడిండాది. ఉప్పు కాగితంతో రవ్వంత రుద్దాలంటాండాడు. మల్లా ఉడుకుడుకు నీళ్ళల్లో రేయంతా నానాలంట.”

లారీకి రంగు వేసేముందు రుద్దే ఉప్పు కాగితం షెడ్డు నుంచి వచ్చింది. ఇద్దరూ కూర్చుని, ముసలి విత్తనాలకు నలుగు పెట్టి, ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళ స్నానం చేయించారు.

“మన్ను ఉడకబెట్టాలంట. బూజు సావాలంట.”

“మన్నా? ఎన్ని విజిలు?”

“అది చెప్పలేదు ఆయప్ప. పప్పుకు ఎన్ని పెడ్తావో అన్నే పెట్టు.”

ఆ సాయంత్రం కుక్కర్ ఈల విని పాల డబ్బుకొచ్చిన హొన్నమ్మ “ఏం వంటమ్మా?” అనడిగింది. సుభద్రమ్మ మూత తీసింది. నల్లమన్ను పొగలు కక్కుతోంది. హొన్నమ్మ చెంబెత్తుకుని పోయింది. మర్నాటి నుంచి ఆ ఇంటికి పాలు కాస్త చిక్కగా పోసింది, పాపం తినడానికేమీ లేదు కాబోలని.

చల్లారిన మన్నులో ఇసుక కలిపి, బిర్యానీ పార్సిలు డబ్బాలో నింపి, విత్తనాలు పైపైన చల్లి, మూత పెట్టి నీడపట్టున కిటికీలో ఉంచారు. మూడోనాటికి మొలకలొచ్చాయి! లేతాకులు రెండేసి విప్పి నిటారుగా నిలబడ్డాయి. సుభద్రమ్మ కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నారప ఒక ఆకు తుంచి నములుతూ ఆలోచనలో పడ్డాడు.

“సుభద్రా, ఇది ఆవాలే.”

ఆమె నమ్మలేదు. తనూ నమిలింది. ఆవాలే. ఏరేటప్పుడు తుమ్ము చేసిన పని. సుభద్రమ్మ ఆ కొబ్బరి చిప్పల పక్కనే కూలబడి, “నా సెయ్యే మంచిది కాదయ్యా. నా నోరూ మంచిది కాదు” అని వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి ఉల్లిపాయల ఊసెత్తలేదు.

నారప నవ్వలేదు. ఆవాల మొలకలన్నీ ఒక్కొక్కటిగా పీకేసి మూత బిగించాడు.

“నీ సెయ్యికేం కాలేదు. నువ్వు పొద్దున ఒక చెంబు, మద్దేన్నం ఒక చెంబు పోస్తావు. ఏ చెట్టు బతుకుతాది? తెల్లాయన ఏం జెప్పినాడు? ఈ డబ్బాను ముట్టద్దు, తెరవద్దు, గమ్మునుండు అన్న్యాడు. నీకు చాతనైతే గమ్మునుండు.”

సుభద్రమ్మ పుట్టినప్పటి నుంచి చెయ్యని పని అదొక్కటే. ఆ డబ్బా ముందు చేతులు కట్టుకుని కూర్చునేది. వేళ్ళు చెంబు కోసం గుంజేవి, కొంగులో ముడేసుకునేది. వినాయక చవితి పోయింది, దసరా పోయింది. సిద్దక్క ఇంట్లో పాత సామాన్లు అమ్మేస్తున్న చప్పుడు గోడ దాటి వచ్చేది. అప్పుడు ఒక పొద్దున మన్ను మీద ఆకుపచ్చ చుక్క ఒకటి కనబడింది. గుండుసూది తలంత. ఆకులు లేవు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే నెత్తిన నారప గడ్డంలా నాలుగు తెల్లటి నూగు వెంట్రుకలు. ఈసారి నమలడానికి ఎవరూ సాహసించలేదు. అన్ని విత్తనాల్లో బతికింది ఆ ఒక్కటే.

దీపావళి మర్నాటికి సిద్దక్క గేటు ముందు సామాన్ల బండి ఆగింది. నారప పెళ్ళానికి పరీక్ష పెట్టాడు.

“అను. సిద్దక్క-న కళ్ళి.”

“సిద్దక్కన కళ్ళి.”

“ఇంగోసారి. ‘న’ మింగద్దు.”

“సిద్దక్కన కళ్ళి. సిద్దక్కన కళ్ళి.” ఇంటి గడప నుంచి పక్కింటి గేటు దాకా అదే జపం. వెనకనే నారప.

సిద్దక్క బండి పక్కన నిలబడి బీరువా ఎక్కిస్తోంది. సుభద్రమ్మను చూసి మొహం బిగించింది. “ఏన్ రీ?” అంది, ఎవరో పరాయి మనిషిని ఏమండీ అని అడిగినట్టు. ఆ ‘రీ’ సుభద్రమ్మకు వేలిలో దిగిన ముల్లు కంటే నొప్పి పుట్టించింది. బిర్యానీ డబ్బా ముందుకు చాచింది.

“సిద్దక్కనననా... కళ్ళి.”

మింగిన ‘న’కు వడ్డీ కూడా కట్టేసింది. సిద్దక్క కళ్ళజోడు దించుకుని డబ్బాలోకి వంగింది. ఆకుపచ్చ చుక్కను చూసింది. గుర్తుపట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, డబ్బాను రెండు చేతులా అందుకుని గుండెకు ఆనించుకుంది. సుభద్రమ్మ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు సిద్దక్క కనుబొమలు ముడిపడ్డాయి.

“అది సరే, నాను నీకు ఇత్తనం ఇయ్యనే లేదు కదా? ఇది నీకు యాడిది?”

నారప చటుక్కున బండి టైరులో గాలి చూడటానికి వంగిపోయాడు. సుభద్రమ్మ బట్టీ పట్టింది ఒక్క వాక్యమే, అది అయిపోయింది. ఎప్పుడో కొనుక్కున్నానందామా? నర్సరీలో దొరికిందందామా? చూపుడువేలి కొస చీరకొంగులో దాచుకుంది. ఆనాడు ఆ వేలికి పసుపు పెట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఆ వేలి వైపే చూస్తోంది.

“నాను కళ్ళి” అంది సుభద్రమ్మ. నేనే దొంగని అని. ఆమె జన్మలో తప్పు లేకుండా మాట్లాడిన మొదటి కన్నడం అదే.

సిద్దక్క ఆ వేలు చూసింది, డబ్బా చూసింది. డబ్బాను భద్రంగా బండి ముందు సీటులో పెట్టి, వచ్చి సుభద్రమ్మ చెయ్యి పట్టుకుని, వీధి వైపు తిరిగి గొంతు చించుకుని అరిచింది.

“సుభద్రక్క కళ్ళి! ఇడీ బళ్ళారిగే గొత్తు! దొడ్డ కళ్ళి!”

హొన్నమ్మ పాలచెంబుతో సహా ఆగిపోయింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు గేటు మధ్యలో ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఎవరికీ తెలియలేదు. బండి కదిలేటప్పుడు సిద్దక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

“నెలకొకసారి వచ్చి దీన్ని చూసి పోవాల, తెలిసిందా? నీళ్ళు మాత్రం పొయ్యద్దు.”