టీవీ ముందే చెప్పిందట, నా వేళ్ల సంగతి

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఈ రోజు రేషన్ బియ్యానికి పోతే మిషన్ నా వేలిముద్ర తీసుకోలేదు. పది వేళ్లూ పెట్టి చూశాను. మార్కాపురంలో నలభై ఏళ్లు బడిపిల్లల రాతి పలకలు నున్నగా రుద్దిన వేళ్లవి, వాటి మీద గీతలు ఎక్కడ మిగులుతాయి?

వరుసలో జనం ఒకటే నవ్వు. ఏళ్ల తరబడి టీవీలో వస్తున్న కామెడీ సీరియల్లో, ఎప్పుడో ఒక ముసలమ్మకు అచ్చం ఇలాగే జరిగిందట.

"చూసినావా అవ్వా, జరగబోయేది వాళ్లు ముందే చెప్పినారు! ఎట్ల తెలిసిందో ఏందో!" అన్నాడు డీలరు.

"జరగబోయేది ఏంది నాయనా? నా వేళ్లు అప్పటికే అరిగిపోయినాయి. ఇట్లాంటి వేళ్లను వాళ్లు చూసినారు, మీరు చూడలేదు. నువ్వు అఆలు దిద్దిన పలక రుద్దింది ఈ వేళ్లే. బియ్యం ఇచ్చేదాకా ఈడ్నించి కదిలేది లేదు."

తూకం బల్ల ముందే కూర్చున్నాను. కాసేపటికి అతను బీరువాలోంచి, వేలిముద్ర పడనివాళ్లకు కన్ను చూసే మిషన్ తీశాడు. అది ఒక్క చూపుకే నన్ను గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ అది లోపలే ఉంది!

జరగబోయేది ఇక నేను చెబుతాను: వచ్చే నెల నన్ను చూడగానే ఆ మిషన్ బల్ల మీదికి వస్తుంది. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?