మేము ఎంచుకోని మేనేజరు

మొన్న శనివారం అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో ఇండియన్ స్టోర్ బయట, కొత్తిమీర కట్టలూ దోసకాయలూ వేసుకున్న బండిని కారు దగ్గరికి తోసుకెళ్తుంటే ఎక్కడో విజిల్ వినబడింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఎవరో కార్లను సర్దుతున్నారు కాబోలు. నా చేతులు మాత్రం నన్ను అడక్కుండానే బండిని వదిలేసి ఒంటికి అతుక్కున్నాయి. మడమలు రెండూ దగ్గరికొచ్చాయి. బండి తన దారిన తాను వెళ్ళి ఒక తెల్ల కారును పలకరించింది. మా అమ్మాయి పరిగెత్తి దాన్ని పట్టుకుని, "నాన్నా, వై ఆర్ యూ స్టాండింగ్ లైక్ దట్?" అంది. "టీచర్‌గారు" అన్నాను. "విచ్ టీచర్?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కారులో ఇల్లు చేరేదాకా పట్టింది. అయినా దానికి అర్థం కాలేదు. తప్పు దానిది కాదు. ఆవిడ నాకేం నేర్పారో నాకే ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కాగితం మీద పెడితేనైనా తేలుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మాదొక ఫుట్‌బాల్ క్లబ్బు. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తేది. కాలితో తన్నే మా ఆటను సాకర్ అంటారు. మేము కాలితో తన్నడం కూడా అంతంతమాత్రమే కాబట్టి ఏ పేరైనా మాకు అభ్యంతరం లేకపోయింది. వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం సాకరు. జట్టు పేరు చిరుతలు. ఆట మీదకన్నా ఆట తర్వాత డిక్కీలోంచి బయటికొచ్చే మిర్చి బజ్జీల మీద మాకున్న శ్రద్ధ చూసి, "చిరుతలు కాదు బై, చిరుతిండ్లు" అనేవాడు మా వరంగల్ కిరణ్. ఆ ఏడాది మొదటి ఆరు ఆటల్లో ఆరూ ఓడిపోయాం. మా లీగ్‌లో అట్టడుగున మిగిలిన జట్టును తీసేసి, బయట వరుసలో ఎదురుచూస్తున్న జట్టును చేర్చుకుంటారు. సరిగ్గా ఆ సమయంలో మా మేనేజరు రమేష్‌గారు టెక్సస్‌లో ఉద్యోగం వచ్చిందని, వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

క్యారీ ప్రశాంతమైన ఊరు. ఎంత ప్రశాంతమంటే, ఇంటి నుంచే పనిచేసే నాలాంటివాడు సోమవారం నుంచి శుక్రవారం దాకా మ్యూట్ తీయకుండా బతికేయవచ్చు. నన్ను "ఒరేయ్ సుబ్బూ" అని పిలిచే నోళ్ళు వారం మొత్తంలో ఆ మైదానంలోనే ఉండేవి. క్లబ్బు పోతే ఆ పిలుపూ పోతుంది. నా భయం అదొక్కటే. కమిటీ మీటింగులో అలా చెప్పుకోలేం కదా, "మన లీగ్ స్టేటస్ రిస్క్‌లో ఉంది" అన్నాను. అందరూ గంభీరంగా తలూపారు. వాళ్ళూ బహుశా అదే భయపడి ఉంటారు.

మేనేజరును వెతకడంలో మేము మాకు చేతనైన పని చేశాం. జాబ్ డిస్క్రిప్షన్ రాశాం. కనీసం అయిదేళ్ళ అనుభవం ఉండాలన్నాం. మూడు రౌండ్లు పెట్టాం. ప్యానెల్లో నేను, కిరణ్, మా గోల్‌కీపర్ వాసు. వాసు వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని వీడియోలో ఇంటర్వ్యూలు చేశాం. మొదటాయన నలభై స్లైడ్లు చూపించారు. ఒక్కదాంట్లోనూ బంతి లేదు. రెండో ఆయన స్కూలు పిల్లలకు నిజంగా కోచింగ్ ఇచ్చే అమెరికన్. మా ప్రాక్టీసు చూస్తానని స్వయంగా వచ్చి, చూసి, మా అందరితోనూ చేతులు కలిపి వెళ్ళారు. మూడో అతన్ని "అయిదేళ్ళలో ఈ జట్టు ఎక్కడుంటుంది?" అని అడిగితే "ఇదే లీగ్‌లో ఉంటే గొప్పే" అన్నాడు. విజన్ లేదని తిప్పి పంపాం.

ఆ రోజుల్లో మా ముందు ఉప్మా ప్లేట్లు పెట్టి వెళ్ళే పెద్దావిడే మార్తమ్మగారు, వాసు అత్తగారు. నరసాపురం దగ్గర ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరై, కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆదివారం సాయంత్రాలు తెలుగు చర్చి, మిగతా రోజులు నడక. ఒక సాయంత్రం ప్లేట్లు తీస్తూ, "బాబూ, అడగొచ్చో లేదో... వీళ్ళల్లో ఎవరికన్నా మీ ఆట చూపించారా?" అన్నారు.

"ఒకాయనకి చూపించామండీ" అన్నాను.

"ఏవన్నాడు?"

"మళ్ళీ ఫోన్ ఎత్తలేదండీ."

"ఊఁ" అన్నారావిడ. ఆ ఒక్క అక్షరంలో మా మూడు రౌండ్ల ఫీడ్‌బ్యాక్ షీటూ ఇమిడిపోయింది.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఆ శుక్రవారంలోగా లీగ్ వెబ్‌సైట్‌లో మేనేజరు పేరు నమోదు చేయాలి. లేకపోతే సీజన్ అక్కడితో సరి. మాకింకా ఎవరూ దొరకలేదు. ఖాళీ వదిలితే ఫారం ముందుకు కదలదు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేరులో తప్పులు వెతికే టెస్టర్ని. కదలని ఫారాన్ని కదిలించడానికి ఏదో ఒక ఉత్తుత్తి పేరు కొట్టడం మా చేతులకు అలవాటు. సరిగ్గా అప్పుడు ఆవిడ నా పక్కన టీ పెట్టారు. కొల్లి మార్తమ్మ అని కొట్టాను. తర్వాత మార్చవచ్చులే అనుకున్నాను. ఇలా డమ్మీ పేర్లు అసలు సిస్టమ్‌లో వదిలేసే వాళ్ళను ఆఫీసులో ఎన్నిసార్లు చెరిగేశానో లెక్కలేదు. ఆ వారం ఆఫీసులో ఒక రిలీజ్ వచ్చి పడింది, నేను మరిచిపోయాను. పది రోజులకు వాసు ఇంటికి ఒక కవరు వచ్చింది. అందులో మెడలో వేసుకునే కార్డు. హెడ్ కోచ్, మార్తమ్మ కొల్లి. అల్లుడు ఇంట్లో లేడు. కవరు మీద తన పేరే ఉంది కనుక ఆవిడే విప్పారు.

శనివారం పొద్దున ఏడింటికి మేము మైదానానికి వెళ్ళేసరికి ఆవిడ ముందే ఉన్నారు. నేత చీర, కాళ్ళకు కూతురి రన్నింగ్ షూస్, మెడలో కార్డు, కార్డు పక్కన విజిల్. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది ఊదారు. పద్నాలుగు మందిమి, జుట్టు పలచబడిన తండ్రులం, ఏడో తరగతి పిల్లల్లా ఎత్తు వరసలో నిలబడిపోయాం. నేను వాసు వైపు చూశాను. వాసు ఆకాశం వైపు చూశాడు.

"ఏవయ్యా, నీ పేరు?"

"సుబ్బు అండీ."

"మీ నాన్నగారు పెట్టిన పేరు."

"సుబ్రహ్మణ్యం."

"మరి మిగతాది ఎక్కడ పారేశావు?"

ఆ తర్వాత మమ్మల్ని గడ్డి మీద ఒక వరసలో కూర్చోబెట్టారు. ఒకడు తూర్పుకు, పక్కవాడు పడమరకు. ఖో ఖో! వెనకనుంచి వీపు తట్టి "ఖో" అంటే తప్ప లేవకూడదు. కిరణ్ నా చెవిలో, "అరే, గిదేంది బై? సాకర్ నేర్పుమంటే ఖో ఖో ఆడిపిస్తున్నది" అన్నాడు.

"ఏంటి బాబూ సణుగుడు?"

"ఏం లేదు టీచర్. ఎండ కొడ్తున్నదంటున్న."

"పొద్దున్నే ఏడింటికా?" అని, అందరికీ వినబడేలా, "బంతి ఎటుంటే పదిమందీ అటే పోతన్నారు. బెల్లంముక్క చుట్టూ ఈగల్లాగ. పిలిచేదాకా కూర్చోడం వచ్చినోడికే లేవడం వస్తది" అన్నారు. మాకు అర్థం కాలేదు. కానీ ఆదివారం ఆటలో ఎవరి చోటులో వాళ్ళం ఉన్నాం, పేరు పెట్టి పిలిస్తేనే బంతి ఇచ్చాం, డ్రా చేశాం. తర్వాతి ఆట గెలిచాం. ఆవిడకు ఫుట్‌బాల్ తెలుసా అంటే నేను ప్రమాణం చేసి చెప్పలేను. లైన్‌మన్ జెండా ఎత్తినప్పుడల్లా "ఎందుకెత్తాడు?" అని అడిగేవారు. తెలియక అడుగుతున్నారో, మాకు తెలుసో లేదో చూస్తున్నారో పోల్చుకోలేక, రెండు రకాలుగానూ తడబడుతూ జవాబు చెప్పేవాళ్ళం.

గెలిచిన మరుసటి వారం ఆవిడ నన్ను జట్టులోంచి తీసేశారు. మూడేళ్ళుగా నేను సెంటర్ ఫార్వర్డ్‌ని. గోల్స్ కొట్టకపోయినా ఆ చోటు నాది. "నీకు కాలుంది, చెవి లేదు. కూర్చో" అన్నారు. కూర్చోవడానికి వెళ్తే బెంచీ మీద కూడా ఖో ఖో వరసే. ఒకడు ఆటవైపు, పక్కవాడు పార్కింగ్ లాట్ వైపు. నాకు పార్కింగ్ లాట్ వచ్చింది.

"ఆట కనబడదు కదండీ."

"వినబడద్దిగా."

కోచ్‌ను తెచ్చింది నేను, తప్పుదారిలోనే అయినా. ఆ కోచ్ నన్నే ఆటకు వీపు పెట్టించి కూర్చోబెట్టింది. మా ఆవిడకు చెబితే, "పోనీలెండి, కారెవరూ దొంగిలించరు" అంది.

ఆ ఆదివారం ఆట అయ్యాక వాసు వేరే పని మీద వెళ్తూ వాళ్ళ అత్తగారిని ఇంటి దగ్గర దింపమన్నాడు. కడుపులో ఉన్నది కక్కేయడానికి ఇదే సమయమనుకున్నాను. నిజం చెబితే ఆవిడ బాధపడి మానేస్తారని భయం. మానేస్తే నా చోటు నాకొస్తుందన్న ఆశ కూడా లేదని చెప్పను. "టీచర్‌గారూ, ఆ ఫారంలో మీ పేరు మేము అనుకుని వేసింది కాదండీ. ఎవరూ దొరక్క, తర్వాత మార్చుదామని నేనే ఊరికే కొట్టాను."

"మా స్కూల్లో నేను కుట్టు టీచర్నయ్యా. డ్రిల్లు మాస్టారు కాలిరిగి సెలవెడితే, మూడు నెల్లు మీరు చూడండని నన్నేశారు."

"తర్వాతండీ?"

"ఆయన కాలు అతుక్కుంది. ఆయన మాత్రం రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను. కుడిపక్కకి తిరుగు, మన దారి దాటిపోతంది."

తిరిగాను. "మరిప్పుడు మారుస్తావా పేరు?" అన్నారు. "లేదండీ" అన్నాను. అంత తొందరగా ఎందుకన్నానో నాకు తెలియదు. బెంచీ సంగతి అడగడానికి నోరు తెరిచేలోపు వాళ్ళ ఇల్లు వచ్చేసింది.

అట్టడుగు నుంచి సరిగ్గా ఒక మెట్టు పైన మిగలాలంటే చివరి ఆటలో మాకు కనీసం డ్రా కావాలి. ఓడితే చిరుతలు లేరు. నేను యథాప్రకారం కార్లవైపు తిరిగి కూర్చున్నాను. మూడు వారాలుగా కార్లను చూస్తూ చేయడానికేమీ లేక వినడం మొదలుపెట్టాను. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారు, ఎవరి గొంతు ఎప్పుడు సన్నబడుతోంది. వాసు గోల్‌లోంచి ఆగకుండా అరుస్తూనే ఉంటాడు. ఎడమకి రా, కిరణ్‌ని చూడు, ఒరేయ్ వెనక్కి! ఆ రోజు రెండో సగంలో గోల్ ముందు ఏదో గుద్దుకున్న చప్పుడు, విజిలు, "అయామ్ గుడ్, అయామ్ గుడ్" అని వాసు గొంతు, మళ్ళీ ఆట. మేము రెండు, వాళ్ళు ఒకటి. మా బెంచీ అంతా ఈలలు. నాకు మాత్రం ఏదో వెలితి. కాసేపటికి తెలిసింది.

"టీచర్‌గారూ, వాసు అరవడం లేదండీ."

ఆవిడ నావైపు చూడను కూడా లేదు. వెంటనే రిఫరీకి చెయ్యెత్తి, ఆట ఆగగానే చీర కుచ్చిళ్ళు పట్టుకుని గోల్ దాకా నడిచారు. వెనకే నేనూ వెళ్ళాను. మా అందర్నీ నువ్వు అనే మనిషి అల్లుణ్ణి మాత్రం మైదానంలోనూ మీరే అనేవారు. "వాసుబాబూ, ఎన్ని బంతులు కనబడతన్నాయి మీకు?"

"రెండండీ" అన్నాడు వాసు నవ్వబోతూ. "మీరేది పట్టుకోమంటే అది పట్టుకుంటానండీ."

"చేతి తొడుగులు విప్పండి."

"అత్తయ్యగారూ, ఇంకో పదిహేను నిమిషాలేనండీ. ఇప్పుడు నేను పోతే క్లబ్బే పోద్దండీ."

"పోతే పోద్ది" అన్నారావిడ. అంత మెల్లగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తొడుగులు తీసుకుని, వెనక్కి తిరగకుండానే నా వీపు మీద ఒక్క చరుపు చరిచారు. "ఖో."

నేను ఫార్వర్డ్‌ని. గోల్‌లో ఎప్పుడూ నిలబడలేదు. వచ్చిన మొదటి బంతి నా కాళ్ళ మధ్యనుంచి ఎంతో మర్యాదగా లోపలికి వెళ్ళింది. రెండు, రెండు. మిగతా సమయమంతా నేను అరుస్తూ ఉన్నానని తర్వాత చెప్పారు. ఏమని అరిచానో గుర్తులేదు. ఆఖరి నిమిషంలో ఒక బంతి నా ముఖానికి తగిలి బయటికి పోయింది. ఆపాను అనడం కన్నా అడ్డంగా ఉన్నాను అనడం న్యాయం. డ్రా అయింది. చిరుతలు మిగిలారు. వాసును ఆసుపత్రికి తీసుకెళ్తే తలకు దెబ్బ గట్టిదేనని, ఇంకో గుద్దు తగిలి ఉంటే మాట వేరేగా ఉండేదని చెప్పి రెండు వారాలు పడుకోబెట్టారు.

ఆసుపత్రి వరండాలో, వాచిన ముక్కుతో ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. "ఇంకా ఇద్దరున్నారు కదండీ బెంచీ మీద. నన్నే ఎందుకు పంపారు?"

"నువ్వే కదయ్యా చూశావు."

"నేను అటు తిరిగి కూర్చున్నాను కదండీ. నాకేం కనబడలేదు."

"అదే చెబుతున్నాను" అని, కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయారు. అంతటితో వివరణ అయిపోయింది. దగ్గరలో నేను ఉన్నానని చరిచారో, మూడు వారాలుగా నన్ను అందుకే తయారు చేశారో, ఇప్పటికీ ఒక రోజు ఒకలా అనిపిస్తుంది. రెండేళ్ళ తర్వాత ఎడిసన్ అనే ఊళ్ళో చిన్నకూతురి దగ్గర ఉండగా ఆవిడ పోయారు. అడగవలసినవి నా దగ్గరే ఉండిపోయాయి.

ఆఫీసులో ఇప్పుడు నేనే మేనేజర్ని, ఇదీ ఎవరూ సరిగ్గా ఎంచుకున్నది కాదు. రోజూ పొద్దున్న కాల్‌లో పన్నెండుమంది మాట్లాడతారు. వాళ్ళు చెప్పే పనుల్లో సగం నాకు బుర్రకెక్కదు. గొంతులు మాత్రం వింటాను. కొత్తగా చేరిన మేఘన, మొన్నటిదాకా ఎఫ్-వన్ వీసా మీద చదువుకున్న పిల్ల, కాల్ మొదట్లో "గుడ్ మార్నింగ్ ఆల్" అనేది. పోయిన వారం నాలుగు రోజులుగా అనడం లేదు. పని బాగానే చేస్తోంది. అయినా ఫోన్ చేశాను.

"ఏంలేదు సర్, ఆల్ గుడ్" అంది. మళ్ళీ తనే, "ఎందుకు చేశారు సర్?" అంది.

"నాకూ తెలియదమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "సర్, మీకు టైముంటే... ఒక్క నిమిషం లైన్లో ఉంటారా?"

"ఉంటానమ్మా" అన్నాను.