ఎదురుషాపులో మా మామ పాటలు

మొన్న ఆదివారం గుడి నుంచి ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకముందే ఫోనులో ఒక సందేశం వచ్చింది. పంపింది మా ఎదురుషాపు అన్న. కర్నూలు పాతబస్టాండు దగ్గర మా డీటీపీ షాపుకు సరిగ్గా ఎదురుగా ఆయన షాపు ఉండేది గనక ఆయన్ను అందరం అలాగే పిలిచేవాళ్లం. ఇప్పుడు ఆ రెండు షాపులూ లేవు, ఆయన కడపలో కూతురి దగ్గర ఉంటున్నాడు, అయినా నాకు ఆయన ఎదురుషాపు అన్నే. ఆ సందేశంలో సలామూ లేదు, క్షేమసమాచారమూ లేదు, ఒక పాట ఉంది, అంతే. మొదటి చరణం చదివేసరికి గడపమీదే కూర్చుండిపోయాను. అది మా మామ, అంటే మా ఆయన తండ్రి, కట్టిన పాట. ఇరవై ఏళ్లకు పైగా పోయిందనే అనుకుంటున్న పాట.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కంప్యూటరులో తెలుగు అక్షరం కనపడటమే అప్పట్లో ఒక వింత, కానీ ఆ తెలుగు అందరిదీ ఒక్క తెలుగు కాదు. ఒక్కో కంపెనీ ఒక్కో సాఫ్టువేరు చేసి అమ్మేది, ఒక్కోదానికి లోపల అక్షరాలకు ఒక్కో లెక్క, పైన మీటలకు ఒక్కో వరస. మా షాపులో కొట్టిన పెండ్లిపత్రికను ఎదురుషాపులో తెరిస్తే పెండ్లికొడుకు పేరున్న చోట కోడి గీకినట్టు గీతలు కనిపించేవి. తెలియక జరిగిన పొరపాటు కాదది. గిరాకీ చెయ్యిజారిపోకుండా కంపెనీలు ఎవరి లెక్కను వాళ్లు గుట్టుగా దాచుకునేవి. మా ఇంటికొస్తే ఏం తెస్తావు, మీ ఇంటికొస్తే ఏం పెడతావు అన్నట్టుండేది వాళ్ల బేరం. అది చాలదన్నట్టు కంప్యూటరు వెనక గుచ్చడానికి అగ్గిపెట్టెలో సగమంత లాకు ఒకటి ఇచ్చేవాళ్లు. అది గుచ్చి ఉంటేనే సాఫ్టువేరు తెరుచుకునేది, లేకపోతే మనం కొట్టిన అక్షరాలు మనకే కనపడవు.

కంపెనీలు పైన పోట్లాడుకుంటే కింద మేము పోట్లాడుకునేవాళ్లం. మాది ఒక కంపెనీ, ఎదురుషాపుది ఇంకొకటి. మా సాఫ్టువేరు కర్నూల్లో మాకు తప్ప ఎవరికీ లేదని మా ఆయన బోర్డుమీద కూడా రాయించాడు, ఆ గొప్పే తర్వాత మా పీకలమీదికి వచ్చింది. ఎదురుషాపులో కొట్టించిన ఫ్లాపీ పట్టుకుని ఎవరైనా మా మెట్లెక్కితే, మొదటి నుంచీ మళ్లీ కొట్టాల్సిందేనని చెప్పేటప్పుడు నాకు లోపల ఎంత సంతోషమో. వాళ్లకూ అంతే అయ్యుంటుంది. ఎడమొహం పెడమొహంగా ఏళ్లు గడిచిపోయాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆ అన్న మా గడపలోకి వచ్చేవాడు. దేవుడి పేరున్న కాగితం ఏ మతానిదైనా సరే బొరుగుల పొట్లం కాకూడదు, కాళ్లకింద పడకూడదు అనేది ఆయన పట్టు. బజారులోని షాపులన్నింటి నుంచీ అలాంటి కాగితాలు ఒక గోతంలో పోగుచేసి, కేసీ కాలువలో నీళ్లు పారేటప్పుడు తీసుకుపోయి వదిలేవాడు. మా ఆయన ముఖం తిప్పుకున్నా పట్టించుకోకుండా, దేవుని కాగితాలుంటే ఇయ్యమ్మా అని నన్నడిగేవాడు. సత్యనారాయణ వ్రతం కరపత్రాలు, ఉర్సు పోస్టర్లు, మా గుడి ఆరాధన క్రమాలు అన్నీ ఒకే గోతంలో పోయేవి.

ఇక మా మామ సంగతి. బనగానపల్లె చుట్టుపక్కల ఊళ్లలో సువార్త చెబుతూ సైకిలుమీద తిరిగిన మనిషి. శెనక్కాయలు పెరికే చోట, మామిడితోటల్లో కాయలు దించే చోట, పనివాళ్లు పాడుకునే బాణీల్లోనే క్రీస్తు పాటలు కట్టి నేర్పేవాడు. జీవితమంతా కట్టిన పాటల్ని ముసలితనంలో కాగితాలమీద పెట్టి, పుస్తకం వేయించమని మా ముందు పెట్టాడు. అప్పటికే షుగరు కళ్లలోకి దిగింది. కడపలో కంటి డాక్టరు ఆపరేషనుకు రోజు పెట్టి, చూపు నిలుస్తుందో పోతుందో నేను చెప్పలేనని ముఖంమీదే చెప్పాడు. ఆపరేషనుకు ముందే పుస్తకాన్ని కళ్లారా చూసుకోవాలి, మామ కోరిక అంతే. దానికోసం ఇంట్లో అందరం పరుగులు పెట్టాం.

కొట్టింది నేనే. భూతద్దం పట్టుకుని మామ నా పక్క కుర్చీలో కూర్చుని ప్రూఫులు చూసేవాడు, తప్పు దొరికితే చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. అన్నీ దిద్దడం అయిపోయిన వారంలోనే ఎదురుషాపు అన్న గోతం పట్టుకుని వచ్చాడు. ఎండాకాలం వచ్చేసింది, కాలువకు నీళ్లు ఆపేస్తున్నారట, ఇప్పుడు వదలకపోతే వానలదాకా ఆగాలి. పేజీ పేజీకీ యేసు పేరున్న కాగితాలు, మామ చేతిరాతవీ, ప్రూఫులూ అన్నీ. కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి గదా అని మామే స్వయంగా ఎత్తి ఆ గోతంలో పెట్టాడు. మంచిపనే చేస్తున్నామనుకున్నాం.

తర్వాత నాలుగైదు రోజులకు ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. వచ్చిన కరెంటు మామూలుగా రాలేదు, ఫ్యాను గిర్రున తిరిగి ఆగిపోయింది, కంప్యూటరు వెనకనుంచి కమురువాసన వచ్చింది. కంప్యూటరును బాగుచేయించుకున్నాం గానీ లాకు మాడిపోయింది. సాఫ్టువేరు తెరవబోతే లాకు లేదంటుంది. ఆ సాయంత్రమే పాటలన్నీ ట్రేసింగు కాగితంమీద తీసి అచ్చుకు ఇద్దామనుకున్నాం. కంచే చేను మేసినట్టు, అక్షరాలకు కాపలా అని ఇచ్చిందే అక్షరాల్ని మింగి కూర్చుంది.

మా ఆయన కంపెనీకి ఫోను చేశాడు. ఎన్నిసార్లు చేసినా మోగుతుందే తప్ప ఎత్తరు. చివరికి ఎవరో ఎత్తి, ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందనీ, పాత లాకులు ఇప్పుడివ్వరనీ, కొత్త సాఫ్టువేరు కొనుక్కోవాలనీ చెప్పారు. సరే కొంటాం, అందులో పాత ఫైలు తెరుచుకుంటుందా అని అడిగితే తెరుచుకోదన్నారు. కడపలో ఒక షాపులో మా లాకులాంటిదే ఉండేదని తెలిసి మా ఆయన బస్సెక్కి పోయాడు. వాళ్లు అప్పటికే ఎదురుషాపు అన్న వాడే కంపెనీకి మారిపోయి ఆ లాకును పాతసామాన్లవాడికి వేసేశారు. ఆయన తిరిగొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. ఆపరేషను రోజు ముంచుకొస్తోంది. మామ అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. ఒకరోజు నేను బతిమాలితే మాత్రం అన్నాడు.

“కన్ను పోతే పోనీలేమ్మా, దేవుడిచ్చిందే. పాటలు పోతే ఎట్ల? అవి నాయొక్కనివి కాదు గదా.”

ఆ మాట విన్నాక నేను నిలవలేకపోయాను. ఎదురుషాపుకు పోయి అడుగుదామంటే మా ఆయన ససేమిరా అన్నాడు, వాని గడప తొక్కితే రేపట్నుంచి బజార్లో తలెత్తుకోలేమన్నాడు. తలెత్తుకుని ఏం చూస్తావయ్యా, అక్కడ మీ నాయన కళ్లు పోతాంటే, అని అనేసి నేనే రోడ్డు దాటాను. పెండ్లిళ్ల కాలం, అన్న షాపు నిండా జనం. అందరి ముందూ నిలబడి విషయం చెప్పాను. ఆయన పెద్దగా ఏమీ ఆలోచించలేదు.

“యాడుండాడమ్మా మీ మామ? పిల్చకరాపో. నా చేత్తోనే కాలవలో ఏసింటి, నేను కొట్టకుంటే ఎవరు కొడ్తారు? కార్డులోళ్లకు నేను చెప్పుకుంటాలే.”

మామకు పాట చెప్పమంటే రాదు, పాడితేనే వస్తుంది. అందుకని ఎదురుషాపులో స్టూలుమీద కూర్చుని పాడటం మొదలుపెట్టాడు, అన్న కొట్టడం మొదలుపెట్టాడు. నేను కొట్టలేను, ఆయన సాఫ్టువేరులో మీటల వరస వేరు. అన్నేళ్లు కొట్టిన నా వేళ్లు ఆ కీబోర్డు ముందు చదువురానివైపోయాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చోవడమే నా పని, అంత నరకం ఇంకోటి లేదు. పెండ్లికార్డుల వాళ్లు వచ్చి గొణుక్కునేవాళ్లు, కొందరు అడ్వాన్సు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు, అన్న తల ఎత్తలేదు. నమాజు వేళకు మాత్రం లేచేవాడు, ఆయన తిరిగొచ్చేదాకా మామ పాట మధ్యలో అలాగే ఆగి పెదవులు కదుపుతూ ఉండేవాడు, తెగిపోతుందేమోనని. రెండో రోజుకో మూడో రోజుకో మా ఆయన కూడా రోడ్డు దాటి వచ్చాడు, ప్రూఫులు తీసుకుని ఒక మూల కూర్చుని దిద్దసాగాడు. అన్న ఆయన ముందుకు టీ గ్లాసు జరిపాడు. వాళ్ల సంధి అంతే.

అన్ని పాటలూ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఒకటుండాది, వానపాట, నోటిదాకా వస్తాండాది, బైటికి రాలేదు అని మామ నుదురు కొట్టుకునేవాడు. బాణీ వస్తుంది, మాటలు రావు. బనగానపల్లెకు మనిషిని పంపి అడిగించాం, ఎక్కువమందికి నేర్పకముందే ఆ ఊళ్లు తిరగడం ఆపేశాడట, ఎవరికీ రాదు. గడువు అయిపోయింది. అచ్చుకు ఇచ్చేటప్పుడు మామ ఒకటే అడిగాడు, ఆ పాటకు ఒక పేజీ ఖాళీగా వదలమని. ప్రెస్సువాళ్లు పొరపాటనుకుని తర్వాతి పాటను ముందుకు జరపబోతే అన్న వాళ్లమీద కేకలేశాడు.

ఆపరేషనుకు పోయే రోజు పొద్దున్నే పుస్తకాల కట్ట వచ్చింది. కడప బస్సులో కిటికీ పక్కన మామ ఆ పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని మొదటి పేజీ నుంచి చదువుతూనే ఉన్నాడు. నాకు ఆ బస్సు ఎంతసేపు పోతే అంత బాగుండుననిపించింది. ఆపరేషను తర్వాత ఆయనకు వెలుతురు తెలిసేది, అక్షరం తెలిసేది కాదు. గుడిలో అందరూ పాడుతుంటే ఆ ఖాళీ పేజీ వెతికి తీయించుకుని దానిమీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. అట్లాగే ఉండి ఉండి పోయాడు. ఆ పాట ఒక్కటి తెచ్చివ్వలేకపోయామన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత కాలం మారింది. ప్రపంచమంతటికీ అక్షరాలకు ఒకటే లెక్క అన్నారు, సర్కారు ఆఫీసుల్లో ఆ లెక్కలో ఉన్న కాగితమే తీసుకుంటామన్నారు. ఆ ఆర్డరు రాగానే బజార్లోని షాపులవాళ్లందరూ మన పొట్ట కొట్టారని లబలబలాడారు. ఎవరైనా ఎక్కడైనా కొట్టుకోగలిగితే మన దగ్గరికి ఎందుకొస్తారన్నది వాళ్ల భయం. భయం నిజమే అయింది, ముందు మాది మూతపడింది, తర్వాత ఎదురుషాపు. అయినా ఆ రోజు గట్టిగా మంచిపని జరిగిందన్నవాళ్లం మేమిద్దరమూ, ఆ అన్నా మాత్రమే. మాకు తెలిసిన నొప్పి మిగతావాళ్లకు తెలియదు.

మొన్న గడపమీద నుంచి లేచి ఆయనకు ఫోను చేశాను. తెరవడానికి ఏమన్నా వీలుందేమో చూడమని అప్పట్లో మేమిచ్చిన మా పాత ఫైలు సీడీ ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయిందట. మూతబడ్డ కంపెనీల అక్షరాల లెక్కను ఎవరో ఓపికమంతులు విప్పి, కొత్త అక్షరాల్లోకి మార్చే సాధనం నెట్లో ఉచితంగా పెట్టారని విని, కూతురి కంప్యూటరులో తంటాలు పడి పడి మొత్తానికి తెరిపించాడు.

“దొరికినాదమ్మా, మీ మామ వానపాట. ఇన్నాళ్లు ఆ సీడీలోనే ఉండాది సూడు.”

ఆయన ఫోను ఒక కంపెనీది, నాది ఇంకొకటి, మధ్యలో ఎన్ని కంపెనీలున్నాయో నాకు తెలియదు. ఒక్క ఒత్తు విరగలేదు, ఒక్క సున్నా రాలిపోలేదు. ఇప్పుడు ఎవరి షాపు గడపా ఎవరూ తొక్కనక్కర్లేదు, ఎవరి ముందూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. మంచిదే, ఆ రోజులు మళ్లీ రావాలని నేను చచ్చినా కోరుకోను. కానీ దేవుని కాగితాలుంటే ఇయ్యమ్మా అని గోతం పట్టుకుని వచ్చే మనిషి కూడా ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు గదా అనుకుంటే ఏదోలా ఉంటుంది. మా ఆయన ఆ సందేశం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, పెట్టెలోంచి పుస్తకం తీసిచ్చాడు.

ఖాళీ పేజీ పచ్చబడింది, మామ అరచెయ్యి పెట్టినచోట అంచు నలిగి ఉంది. ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, ‘చినుకెరగని చేనయ్యా నేను’ అని మొదలయ్యే ఆ పాటను నా చేతిరాతతోనే ఆ పేజీలో రాశాను. ఆఖరి చరణం ముగించి, తప్పులేమన్నా ఉన్నాయేమో చూడు మామా అని, పుస్తకాన్ని పక్క కుర్చీ వైపు జరిపాను.