కొల్లాపూర్‌లో మా మామ రెండో కాపురం

నా కథ ఒక్కటి అచ్చయినందుకు గద్వాలలో మా అక్క పెళ్లి చీర మగ్గం మీదే ఆగిపోయింది. కథకు అంత శక్తి ఉంటుందని ఏ సాహితీ సభలోనూ ఎవరూ నన్ను హెచ్చరించలేదు మరి!

అంతకుముందు పంపిన కథను పత్రికవాళ్లు తిప్పి పంపారు. "మలుపులు బోలెడు, మనుషులే లేరు" అన్నారు. మనిషే కదా కావాల్సింది అని మా మేనమామను ఎత్తుకొచ్చి కథలో కూర్చోబెట్టాను. పోగు తెగితే మగ్గాన్ని తిట్టడం, చాయ్ తాను తాగేసి ఎవరు తాగారని ఇల్లంతా అరవడం, అన్నీ ఉన్నవున్నట్టు దించేశాను. మరి మలుపో? ఆయన ఏటా మామిడిపండ్లకు కొల్లాపూర్ వెళ్తాడు. అక్కడ ఆయనతో రహస్యంగా రెండో కాపురం పెట్టించాను. అచ్చయిన కథను, చూడండి నా తెలివి, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను.

అక్క పెళ్లి చీర నేసేది మామే, అత్త నూలు కండెలు చుడుతుంది. ఆమె చుట్టి ఇస్తేనే ఆయన చేతిలో పోగు నడిపే నాడె కదులుతుంది. కథ చదివిన అత్త రాట్నం పక్కకు నెట్టేసింది. పెళ్లి దగ్గర పడింది, చీరేమో సగంలో ఉంది. అమ్మ నన్ను చెవి పట్టుకుని వాళ్లింటికి ఈడ్చుకెళ్లింది.

"అత్తా, అది ఉత్త కథ! ఆ మనిషి మామ కాదు!" అన్నాను.

"మగ్గాన్ని తిట్టేది ఈయనే, చాయ్ కోసం ఒర్లేది ఈయనే. కొల్లాపూర్ల ఉన్నది ఎవతిరా?"

"ఎవ్వరు లేరే! వీని కథల పడి నేను పరేషాన్ అయితున్న!" అని మామ మొత్తుకున్నాడు.

అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"అయినా గిదేం కథరా? అంచుకు ఏ రంగు పెట్టాల్నో నన్నడగకుంట చెప్పలేడు. ఈయన రెండో కాపురం పెడ్తడా? ఈయనైతే గా పని చెయ్యడు. గా పని చేసినోడు ఈయన కాదు."

రాట్నం మళ్లీ ముందుకు లాక్కుంది. నా కథకు వచ్చిన ఏకైక విమర్శ అదే. హమ్మయ్య అనుకునేలోపు మామ నాడె విసిరికొట్టాడు.

"అంటే నాకు గంత దమ్ము లేదనా? చీర నేను నెయ్య, పో!"

మగ్గం గుంతలోంచి లేచి బయటికి నడిచాడు. వెంట పరుగెత్తాను.

"మామా, జర అక్క మొహం చూడు!"

"ముందు చెప్పు. కథల ఉన్నది నేనేనా, కాదా?"

"నువ్వే మామా! గంత దమ్ము ఇంకెవలికున్నది?"

మీసం దువ్వుకున్నాడు. తిరిగొచ్చి గుంతలో దిగబోతూ నా చెవి దగ్గరికి వంగాడు.

"గీ మాట మీ అత్తకు చెప్పకురోయ్."

పెళ్లిలో అక్క ఆ చీరే కట్టుకుంది. ఆ మగ్గం సాక్షిగా నా ప్రతిజ్ఞ: ఇకపై నా కథలో ఏ మగాడూ, మా అత్త ఒప్పుకోనిదే, కొల్లాపూర్ బస్సెక్కడు.